పట్టణవాసము – పల్లెవాసము
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



పట్టణములు చేరిన మనవారు మరల పల్లెలకు మరలుటను గూర్చి ఈ మహాసభయందు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. ఊరు విడిచినవాడు ఊరు చేరుటలో వింత యేమున్నదని మీలో కొందరనవచ్చును. కాని యీ చిన్న ప్రశ్నలో మన భూమియు, మన తల్లిదండ్రుల వార్ధకమును, మన పొలము దున్ను కౌలుదారుని బ్రదుకును, మన సంఘనిధియు ముడివడియున్నవి. కావున దీనిని తేలికగా త్రోసివేయుటకు వీలులేదు.

20వ శతాబ్ది పూర్వార్ధమున ఆంధ్రదేశమున పుట్టిన కులసంఘము లనేకము ఒకే పనిని తలకెత్తుకొన్నవి. పల్లెటూరి బాలుని పట్టణమునకు తెచ్చి, కూడు గూడు చూపి, చదివించుటే యా పని. గుంటూరున 1885లో ఆంధ్ర క్రైస్తవ కళాశాల వెలసినది. చదువు దొరకు చోటు పట్టణమే. చదువుకొనగోరు పిల్లవానికి పట్టణమున తలదాచుకొనుటకు చోటులేదు. ఆ లోటు తీర్చుటకే మన పెద్దలు ధాన్యము, ప్రత్తి, పొగాకు అమ్మిన సొమ్ములో పాలు తీసి వసతిగృహములు కట్టించిరి. వారి సంకల్పము నెరవేరినది. నెరవేరుటయే గాదు, హద్దు మీరినది. గుంటూరు దాటి హైదరాబాదు, హైదరాబాదు దాటి బెంగుళూరు, అది దాటి అమెరికా చేరితిమి. ఇప్పుడు వెనుకకు చూచువారు మనలో బయలుదేరినారు. పోవువారికి త్రోవ చూపిన సంఘము వచ్చువారికి త్రోవ చూపునా, చూపదా అనునదే నేటి ప్రశ్న.

మొదట మన పూర్వచరిత్ర నొకింత స్మరింతము. వలస మనకు క్రొత్తది గాదు. 1832–33లో, నందన నామ సంవత్సరమున వచ్చిన కరవులో గుంటూరు సీమ యందలి యైదులక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షల వరకు నశించిరని చరిత్రకారులు వ్రాసియున్నారు. 1855లో బెజవాడయొద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తియైన పిదప తెనాలి, రేపల్లె ప్రాంతములు పచ్చబడినవి. మెట్టవారు డెల్టావైపు దిగిరి. 1931లో నిజాంసాగరము పూర్తికాగా, మన రైతులు బండ్లు కట్టుకొని నిజామాబాదు జిల్లాకు పోయి, బోధను, వర్ని ప్రాంతముల బీళ్లను మాగాణి చేసిరి. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన తరువాత గంగావతి, సింధనూరు తాలూకాలకు పోయి గుడిసెలు వేసికొనిరి. ఆ గుడిసెల చోటులు నేటికిని ‘క్యాంపు’లను పేరనే పిలువబడుచున్నవి. ఈ వలసలన్నిటిని పరికించినచో ఒక్క సంగతి తేటపడును. అవి పల్లెనుండి పల్లెకు జరిగిన వలసలు. మనవాడు నీటివెంట నడచెను గాని వ్యవసాయమును విడువలేదు. చేతిలోని విద్యయే వాని మూలధనము. క్రొత్త నేలపై అడుగిడిన మూడవనాడే యే పైరు వేయవలెనో, యే కాలువకు గండి కొట్టవలెనో వానికి తెలిసియుండెను.

పట్టణమునకు వలస దీనికి భిన్నమైనది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. కుడికాలువ నీరు నరసరావుపేట, చిలకలూరిపేట, అద్దంకి ప్రాంతములకు ప్రాకినది. వరలక్ష్మి వంటి సంకరజాతి ప్రత్తి వచ్చినది. తెల్లబంగారమను పేరు నల్లరేగడికి సార్థకమైనది. ఆ డబ్బుతో మనవారు మేడలు కట్టిరి, పిల్లలను కాన్వెంటులకు పంపిరి. అంతలో 1987లో తెల్లదోమ దిగినది. మందుపై మందు చల్లినకొలది పురుగు మొండికెత్తినది, పైరు మాడినది, అప్పు మాత్రము నిలిచినది. ఆ యేడును, మరుసటి యేడును ప్రకాశము, గుంటూరు జిల్లాలలో ప్రత్తిరైతులు పురుగుమందు త్రాగి ప్రాణములు తీసికొనుట దేశమంతయు వినినది. నా బిడ్డ యీ మన్ను ముట్టరాదని ఆనాడు తీర్మానించుకొన్న తండ్రులు మన సంఘమున ఎందరో కలరు. నేడు అమెరికాలో నున్న మన ఇంజనీర్లలో పెక్కుమంది ఆ తీర్మానమునకు పుట్టినవారే. కావున మనవారు పట్టణము చేరినది పట్టణముపై మోజుచేత మాత్రమే గాదు. పల్లెయం దేర్పడిన భయముచేత గూడ. ఆ భయమునకు కారణము తొలగినదా అని విచారింపక, పల్లెకు రండని పిలుచుట ధర్మము గాదు.

పట్టణమును విడిచి పోవుటలో మన ప్రాంతమునకొక గొప్ప యుదాహరణము కలదు. చీరాల, పేరాల గ్రామములను చేర్చి ప్రభుత్వము పురపాలకసంఘమును స్థాపించి పన్నులు పెంచగా, ప్రజలు మాకీ పట్టణత్వము వలదనిరి. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో పదిహేనువేల జనములో అత్యధికులు ఇండ్లు వాకిండ్లు విడిచి, పురపాలకపు హద్దు దాటి, రామనగరమను పేర పాకలు వేసికొని రమారమి పదునొకండు మాసములు ఎండకు, వానకు ఓర్చి కాపురముండిరి. నాయకుడు చెరసాల పాలాయెను, చేతిపనులు కుంటుపడెను, చివరకు జనము ఇండ్లకు మరలిరి. ఈ కథనుండి నేను రెండు పాఠములు గ్రహించుచున్నాను. నివాసము మార్చుట ఒంటరివాని వలన కాదు. పదిమంది కలిసి కదలినచో నిలుచును. ఎంత పదిమంది కదలినను జీవనాధారము వెంటరానిచో ఆ కాపురము యేడు తిరుగకముందే యెత్తిపోవును.

ఇక నేటి స్థితి. 2011 జనాభా లెక్కలలో నాటి గుంటూరు జిల్లా జనములో నూటికి సుమారు 34 మంది పట్టణవాసులు. ప్రకాశము జిల్లాలో నూటికి 20 మందికి లోపు. అనగా నాటికి మన సీమ పల్లెసీమయే. 2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు, హైదరాబాదు, బెంగుళూరు నగరములందలి సాఫ్టువేరు యువకులు తల్లిదండ్రుల యిండ్లకు చేరి, వసారాలో బల్ల వేసికొని విదేశపు కొలువు చేసిరి. పల్లెలో కూర్చుండియు పట్టణపు జీతము పొందవచ్చునని మన కన్నులారా చూచితిమి. కొలువులు మరల పిలువగా అందు పెక్కుమంది తిరిగిపోయిరి. కాని మనసున ఆ రుచి నిలిచినది. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము హెచ్-1బి అనుమతికి క్రొత్తగా వచ్చు దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించుటతో సముద్రము ఆవలి త్రోవయు ఇరుకైనది.

మరలివచ్చువారు, రాదలచినవారు నాలుగు తెగలు. ఉద్యోగవిరమణ చేసి, పింఛనుతో పుట్టినయూర శేషజీవితము గడుపగోరువారు మొదటివారు. ముసలి తల్లిదండ్రుల కొరకు వచ్చువారు రెండవవారు. పనిని వెంటదెచ్చుకొని యింటినుండి కొలువు చేయువారు మూడవవారు. కొలువు విడిచి సేద్యము చేయబూనువారు నాలుగవవారు. ఈ నలుగురికిని కావలసినవి వేరువేరు. మొదటివానికి వైద్యుడు, రెండవవానికి తోడు, మూడవవానికి విద్యుత్తు, ఇంటర్నెట్టు, పిల్లలకు బడి కావలెను. నాలుగవవానికి కావలసినది అన్నిటికంటె కష్టమైనది: పంటకు ధర.

నాలుగవవానికి నేను నిష్కర్షగా చెప్పవలసినది కలదు. ఎకరమునకు ఇరువది క్వింటాళ్ల మిరప పండినదనుకొందము. క్వింటాలు ఇరువదివేలు పలికిన యేడు నాలుగు లక్షలు చేతికి వచ్చును. 2025 ఆరంభమున గుంటూరు మిర్చియార్డులో ధర పడిపోగా, కేంద్రప్రభుత్వము మార్కెట్టు జోక్యపథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలు నిర్ణయించెను. ఆ ధరకు అదే ఇరువది క్వింటాళ్లు 2,35,620 రూపాయలగును. పైరు ఒక్కటే, చాకిరి ఒక్కటే, భేదము లక్షా అరువదినాలుగు వేలకు పైమాట. విత్తనము, నారు, ఎరువు, మందు, కోతకూలి, పురికొస, యార్డు కిరాయి తీసివేసి, దానిపై కౌలు గూడ చెల్లింపవలసినవానికి మిగులునది చేతిమీది దుమ్మే. ఇది ధర సంగతి. పురుగు సంగతి వేరు. 2021–22లో నల్ల తామరపురుగు మిరపపూతపై బడి తోటలకు తోటలను దున్నించివేసినది. జీవితాంతము మిరపతోటలో గడపినవారే ఆ యేడు తల పట్టుకొని కూర్చుండిరి. పట్టణమున పది సంవత్సరములు కంప్యూటరు ముందు కూర్చున్నవాడు, దృశ్యచిత్రములలో సేద్యమును చూచి, పొదుపు చేసిన ముప్పదిలక్షలు తొలియేడే రేగడిలో పాతిపెట్టుట సాహసము గాదు, తొందరపాటు.

అట్లయిన రావలదనుచున్నానా? కాదు. నేర్చి రండనుచున్నాను. 1945లో వెలసిన బాపట్ల వ్యవసాయ కళాశాల మనదగ్గరనే యున్నది. లాము పరిశోధనాక్షేత్రమున పుట్టిన మిరపరకములు దేశమంతట ప్రాకినవి. ఊర కౌలుదారుడు ఉన్నాడు. అతనిని మించిన గురువు లేడు. ఒక యేడు అతని వెంట నడచి, విత్తు మొదలు విక్రయము వరకు చూచి, రెండవయేడు ఎకరముతో ఆరంభించినవానికి కీడు తక్కువ. ఆచార్య రంగాగారు ఆక్స్‌ఫర్డులో చదివి, మద్రాసున అర్థశాస్త్రము బోధించుచు, 1930లో ఆ కొలువు విడిచి వచ్చి, నిడుబ్రోలునందు రైతు విద్యాలయమును నెలకొల్పిరి. పట్టణమున నేర్చినదానిని పల్లెకు తెచ్చుట యనగా అది. ఆయన రైతుకు నేర్పుటకు ముందు పల్లెల ఆర్థికస్థితిని ఊరూర తిరిగి పరిశీలించిరన్న సంగతి మనము మరువరాదు.

ఇప్పుడు కొంత కటువైన మాట చెప్పవలసియున్నది, పెద్దలు మన్నింతురుగాక. మన మెన్నడో విడిచిన పొలమును నేడెవరు దున్నుచున్నారు? కౌలుదారుడు. అతడు తరచు మన కులమువాడు గాడు. దళితుడో, వెనుకబడిన తరగతులవాడో, మనలోనే సెంటు భూమి లేనివాడో అయియుండును. పట్టణమునందున్న భూస్వామి సంక్రాంతికి వచ్చి కౌలుసొమ్ము తీసికొని పోవును. పంట పోయినను కౌలు తగ్గింపడు. 2019లో మన రాష్ట్రమున పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినది. పదునొకండు మాసముల ఒప్పందముపై భూయజమాని సంతకము చేసినచో, సాగుదారునకు గుర్తింపు కార్డు, బ్యాంకు అప్పు, పంటనష్టపు పరిహారము లభించుటకు వీలగును. భూమిపై యజమాని హక్కునకు దానివలన భంగములేదు. అయినను ఆ సంతకమునకు మన చేయి వణకుచున్నది. సంతకము పెట్టని మన భయముచేత, వడ్డీవ్యాపారి చేతిలో అతని మెడ చిక్కుచున్నది. పల్లెకు మరలుటయన కౌలుదారుని వెడలగొట్టుటయే అయినచో, మన పునరాగమనము మరియొకని వలసకు కారణమగును. ఒక యిల్లు వెలిగించుటకు వేరొక యిల్లు ఆర్పినట్లగును.

మరియొక మాట. పల్లె యనగానే మనలో కొందరు రామరాజ్యమును వర్ణింతురు. గాంధీమహాత్ముడు పల్లెను దేశమునకు ప్రాణమనెను. అంబేద్కరు మహాశయుడు 1948లో రాజ్యాంగసభయందు పల్లెను సంకుచితత్వమునకు, అజ్ఞానమునకు ఆటపట్టని నిందించెను. ఆయన మాటయందలి సత్యమును ఇతరులకంటె మన సీమవారే యెక్కువగా ఎరుగవలెను. 1985 జూలై 17న కారంచేడునందును, 1991 ఆగస్టు 6న చుండూరునందును దళితులపై జరిగిన మారణకాండలు మన గ్రామచరిత్రలో మాయని మచ్చలు. నూరేండ్ల క్రిందటి ఊరిని వెదకికొనుచు వచ్చువానికి ఆ ఊరు దొరకదు, దొరకగూడదు గూడ. ఊరిబావి, ఊరిబడి, ఊరిగుడి, శ్మశానపు బాట అందరివని అంగీకరించి వచ్చువాడే రాదగినవాడు. మిరపకోతల కాలమున కర్నూలు పడమటి తాలూకాలనుండి పిల్లాపాపలతో వచ్చి, చెట్లక్రింద వంట చేసికొని, మన కల్లములు నింపు కూలీలు గూడ వలసవారే. మన పిల్లలు అమెరికాలో కోరు మర్యాద మన పొలముగట్టున వారికి దక్కవలదా?

ఇక ఇండ్ల విషయము. మన పల్లెలలో రెండంతస్తుల మేడలు వరుసగా నున్నవి. సాయంకాలము దీపము వెలుగునవి కొలది. తాళము వేసిన తలుపుల వెనుక వృద్ధదంపతులు ఒకరి ముఖ మొకరు చూచుకొనుచు, ఫోనులో మనుమల మాట వినుచు కాలము గడపుచున్నారు. జననములు తగ్గుటయు రాష్ట్రమునకు సమస్యయైనది. ఇద్దరికి మించి సంతానమున్నవారు స్థానికసంస్థల ఎన్నికలకు నిలువరాదన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తొలగించినదన్నచో, కాలమెంత మారినదో ఊహింపుడు. పిల్లలు లేక బడి మూతపడును. బడి లేదని పిల్లలున్నవాడు రాడు. ఈ చక్రమును ఎక్కడనో ఒకచోట ఆపవలెను.

పడమటి ప్రకాశమున మరియొక చిక్కు కలదు. కనిగిరి ప్రాంతపు భూగర్భజలమున ఫ్లోరైడు మిక్కుటము. పండ్లు గారపట్టుటయు, ఎముకలు వంగుటయు అక్కడివారికి తరతరముల బాధ. పెద్దవైద్యమునకు ఒంగోలు చేరవలెనన్న రమారమి రెండుగంటల ప్రయాణము. అటువంటి చోటికి గుండెజబ్బు మనిషిని గాలి మంచిదని పిలుచుట దయ గాదు. నివాసమును మనసు కోరును. కాని నిలుపునది నీరు, మందు, బడి.

ప్రభుత్వము చేసినది లేకపోలేదు. 2019 అక్టోబరు 2న గ్రామసచివాలయములు ఆరంభమైనవి. ధ్రువపత్రమునకై తాలూకా కచేరి చుట్టు తిరుగు బాధ తగ్గినది. 2020 మే 30న రైతు భరోసా కేంద్రములు వెలసి, 2024 తరువాత రైతు సేవా కేంద్రములని పేరు మార్చుకొన్నవి. మంగళగిరి ఎయిమ్సు ఆసుపత్రి 2024 ఫిబ్రవరి 25న జాతికి అంకితమైనది. ప్రభుత్వము గోడలు కట్టగలదు. ఊరికి మనుష్యులను తేలేదు. ఆ పని సంఘములది.

కావున ఈ మహాసభవారి యెదుట నాలుగు విన్నపము లుంచుచున్నాను. మొదటిది: సంఘనిధితో పట్టణమున మరియొక కల్యాణమండపము కట్టవలెనను మాట వినవచ్చుచున్నది. పెండ్లి యొకనాటిది. ఆ సొమ్ములో సగమైనను తీసి, పది పదునైదు పల్లెలకొక వైద్యుని, ఇద్దరు నర్సులను నియమించి, వారమునకొకసారి ప్రతి ఊరికిని పంపుడు. కులము అడుగక, వృద్ధులందరిని చూడవలెనని నియమము పెట్టుడు. రెండవది: తాళము వేసిన యిండ్ల పట్టిక వ్రాయించి, రాదలచినవారికి అద్దెకిచ్చు ఏర్పాటు చేయుడు. భూమి కొని, మేడ కట్టి, పిదప పల్లె సరిపడదని తెలిసికొనుటకంటె ఒక యేడు అద్దెకుండి చూచుట మేలు. మూడవది: ఈ సభలోనున్న భూవసతిగల సభ్యులందరును రాబోవు తొలకరికి ముందే తమ కౌలుదారులకు సాగు ఒప్పందముపై సంతకము చేసి యిత్తుమని వాగ్దానము చేయుడు. ఇందుకు నిధి అక్కరలేదు. ఒక కలము, ఒక మనసు చాలును. నాలుగవది: మన వసతిగృహములలో ఖాళీగానున్న గదులను పల్లెకూలీల ఆడుబిడ్డల చదువునకు, కులభేదము లేక, తెరువుడు. మన తాతలు తమ బిడ్డలకు చేసినదానిని మనము ఊరి బిడ్డలకు చేసినచో, ఊరు మనలను మరల తనవారిగా చూచును.

ఈ నాలుగింటిలో మూడవది మీకు రుచింపదని నేనెరుగుదును. కాని దానినే ముందు చేయుడని వేడుచున్నాను. ఏలయన, ఊరికి తిరిగి వచ్చువాడు తన భూమికి మాత్రమే తిరిగి రాడు. ఇన్నాళ్లు ఆ భూమిని కాపాడినవాని ముఖమును చూడవలెను. ఆ ముఖము చూచుటకు సిగ్గుపడనక్కరలేని స్థితిని ముందుగా కల్పించుకొందము.

మహాశయులారా! అందరు పల్లెలకు రావలెనని నేననను. చదువుకొన్న బిడ్డ ఎక్కడ వర్ధిల్లునో అక్కడనే యుండుగాక. పట్టణమున నుండుట తప్పు గాదు. పల్లెలో నుండుట గొప్ప గాదు. వచ్చుటకు ఇచ్ఛగలవానికి త్రోవ యుండవలెను; పోవుటకు ఇచ్ఛగల కూలిబిడ్డకును త్రోవ యుండవలెను. ఈ రెండు త్రోవలను తెరచియుంచుట సంఘధర్మమని నా నమ్మకము. నా మాటలలో కటువేదైన నున్నచో నా ఉద్దేశమును గ్రహించి మన్నింపుడు.